గేదెల షెడ్డుకి, రిపేరు పనికి లైట్లు ఎలా పెట్టుకోవాలి: రెండొందల వాట్ల ఫ్లడ్‌లైటు కొనేముందు

మీరు చెప్పింది నాకు అర్థమైనంత వరకూ ఇదీ. ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు రేకుల షెడ్డు. అందులో ఇరవై అయిదు అడుగుల మేర ఎనిమిది గేదెలు, నాలుగేసి చొప్పున రెండు వరసలు, తోకలు ఎదురెదురుగా, మధ్యలో నడవ. మిగతా పదిహేను అడుగుల్లో ట్రాక్టరు, రోటావేటరు, వెల్డింగు సెట్టు, గ్రైండరు, చాఫ్ కట్టరు. షెడ్డు నడిమధ్యలో ట్రస్సుకి వంద వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు కట్టారు. తెల్లారగట్ల నాలుగున్నరకి పాలు తీసేటప్పుడు కళ్లలో కొడుతోంది గానీ పొదుగు కనపడదు. ట్రాక్టరు కింద దూరితే చీకటే. మూలల్లో పెట్టిన బల్బులు రెండు నెలలకోసారి పోతున్నాయి. రెండొందల వాట్లది కొనమంటారా అన్నది మొదటి ప్రశ్న. రాత్రంతా లైటు వేసి ఉంచితే పాలు పెరుగుతాయని ఎవరో చెప్పారు, నిజమేనా అన్నది రెండోది. కొన్నదాన్ని ఏం చెయ్యాలన్నది మూడోది.

రెండొందల వాట్లది కొనకండి. ఇప్పుడున్న కష్టమే రెట్టింపవుతుంది.

నేను ఇరవై ఏడేళ్లుగా మోటారు వైండింగు, వైరింగు పని చేస్తున్నాను, తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో. అంతకుముందు, నా ఎనిమిదో ఏటి నుంచి నా ఉద్యోగం మా సావిట్లో లాంతరు పట్టుకోవడం. నాయనమ్మ పాలు పితుకుతుంటే నేను వెనకాల నిలబడేవాణ్ణి. "ఒరే, నీ నీడ పడుతోంది, ఇటు జరుగు" అని రోజుకి పదిసార్లు అనేది. అటు జరిగితే ఆమె భుజం నీడ పొదుగు మీద పడేది. చివరికి గేదె తోకవైపు, కొంచెం పక్కగా, నా నడుమెత్తున లాంతరు పట్టుకుంటే తిట్లు ఆగేవి. ఒత్తు ఎంత పెంచినా చోటు తప్పితే లాభం లేదని అప్పుడే తెలిసింది. మీ ఫ్లడ్‌లైటు లాంతరు కన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ వెలుగునిస్తుంది, కానీ అది నిలబడకూడని చోట నిలబడింది.

కాస్త లెక్క చూద్దాం. వాట్లు అంటే కరెంటు ఖర్చు. వెలుగు కొలత ల్యూమెన్లు. డబ్బా మీద రాసి ఉంటుంది. పాత వంద వాట్ల గుండు బల్బు పదమూడు, పద్నాలుగు వందల ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పుడొచ్చే ఇరవై వాట్ల నాలుగడుగుల ఎల్ఈడీ పట్టీ (ట్యూబులైటులా ఉండే బ్యాటెన్) సుమారు 2000 ఇస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఎన్ని ల్యూమెన్లు పడ్డాయన్నది లక్స్. పాలు తీసే చోట 100 లక్స్ దాకా ఉంటే హాయిగా ఉంటుంది. రిపేరు షెడ్డులో నేల మీద 150 నుంచి 200, బెంచీ మీద 300 నుంచి 500 ఉండాలి.

మీ రిపేరు భాగం ఇరవై బై పదిహేను, అంటే సుమారు 28 చదరపు మీటర్లు. 200 లక్స్ కావాలంటే నేల మీదికి 5600 ల్యూమెన్లు చేరాలి. గోడలు మసిబారి, రేకు పొగచూరి, పట్టీ మీద దుమ్ము పేరుకుని, ఇచ్చిన వెలుగులో సగం పైచిలుకే పనికి దక్కుతుంది. అంచేత పైన పదివేల ల్యూమెన్లు పెట్టాలి. అంటే ఇరవై వాట్ల పట్టీలు అయిదు. అయిదు ఇరవైలు వంద. మీ ఫ్లడ్‌లైటు వాట్లూ అంతే. ఈ భాగానికి కరెంటు ఖర్చు పైసా పెరగదు. ఒకచోట గుమ్మరించిన వెలుగే అయిదు చోట్లకి పంచుతున్నారు. ఒక లైటు నీడని ఇంకో లైటు చెరిపేస్తుంది. నాలుగడుగుల పొడవున్న పట్టీకి అసలు నీడ అంచులే మెత్తగా ఉంటాయి.

పెట్టే తీరు చెబుతాను. ట్రాక్టరు నిలిపే చోటుకి సరిగ్గా నడినెత్తిన లైటు పెట్టకండి. అందరూ చేసే తప్పు అదే. బానెట్ మీద పట్టపగల్లా ఉంటుంది, పక్కల్లో చీకటి. ట్రాక్టరుకి అటు రెండు, ఇటు రెండు, బండి పొడవునా పట్టీలు రావాలి, గోడకి మూడడుగుల దూరంలో. అప్పుడు వెలుగు ఏటవాలుగా చక్రాల సందుల్లోకి, ఇంజను పక్కలకి దూరుతుంది. అయిదోది బెంచీకి. అది మీ వీపు వెనక కాదు, మీ ఎదురుగా, నుదుటికి కొంచెం ముందు, బెంచీకి నాలుగున్నర అడుగుల ఎత్తున. వెనక ఉంటే మీ తల నీడ మీరు బిగిస్తున్న బోల్టు మీదే పడుతుంది. బెంచీ దగ్గర లైటుకి సీఆర్ఐ 80కి తగ్గకుండా చూసుకోండి. రంగులు ఉన్నదున్నట్టు చూపించే గుణానికి అది కొలత. గోధుమ రంగు వైరూ ఎర్ర వైరూ ఒకటిగా కనపడే లైటు కింద స్టార్టరు విప్పితే ఏమవుతుందో నేను చూశాను. ఇంజనాయిలు నల్లబడిందా, నీళ్లు కలిసి పాలవిరుగుడులా అయిందా అన్నదీ రంగు చూసే చెప్పాలి.

ట్రాక్టరు కిందకి మాత్రం పైనుంచి ఎన్ని లైట్లు వేసినా వెలుగు రాదు. దానికి అయస్కాంతం ఉన్న చార్జింగు లైటో, తలకి కట్టుకునే లైటో కొనుక్కోండి. లేదా ట్రాక్టరు బ్యాటరీ మీద నడిచే పన్నెండు ఓల్టుల హ్యాండ్‌ల్యాంపు. పొడుగు వైరుకి హోల్డరు తగిలించి, 230 ఓల్టుల బల్బుని పట్టుకుని తడినేల మీద వెల్లకిలా దూరే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. అది మానండి. నేను ఎంత ముసలివాడినైనా ఆ మాట దగ్గర గొంతు పెంచుతాను.

గేదెల వైపు ఇంత వెలుగు అక్కర్లేదు. నడవ మీద, తోకల వెనక, ఎనిమిది అడుగుల ఎత్తున ఇరవై వాట్ల పట్టీలు రెండు, నడవ పొడవునా ఒక వరసలో. అప్పుడు నేల మీద వంద లక్స్‌కి దగ్గరగా వస్తుంది. పాలు తీసేవాళ్లు గేదెకి పక్కన కూర్చుంటారు గనక వెలుగు వెనకనుంచి ఏటవాలుగా పొదుగు మీద పడుతుంది, మనిషి నీడ అడ్డం రాదు. లాంతరు పట్టుకున్న చోటే ఇదీ. గాడి వైపు ఒక్కో వరసకి పది వాట్ల పట్టీ చాలు, మేత వెయ్యడానికి, గడ్డిలో తీగముక్కో మేకో ఉంటే కనపడటానికి. ఎనిమిది అడుగుల కన్నా కిందికి దించకండి, గేదె తల విదిలిస్తే కొమ్ము తగులుతుంది. పైకి ఎక్కించడమూ మంచిది కాదు. చిన్న బల్బుకి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. పొడుగు పట్టీకి అంత ఘోరం కాదు గానీ తగ్గడం తగ్గుతుంది.

మేకు కొట్టే ముందు ఒక పని చెయ్యండి. పట్టీకి వైరు తగిలించి వెదురు బొంగుకి కట్టి, మీవాళ్ల చేతికిచ్చి చీకటి పడ్డాక పట్టుకోమనండి. మీరు గేదె పక్కన పాలు తీసేటట్టే గొంతుక్కూర్చోండి. చేతులు పొదుగు దగ్గర పెట్టండి. నాలుగు చనుకట్లూ కనపడుతున్నాయా? మొదటి ధార నల్లటి గిన్నెలోకి తీస్తే అందులో గడ్డలున్నాయో లేదో తెలుస్తోందా? పొదుగువాపు మొదటిరోజునే పట్టుకోవాలంటే ఆ గడ్డలు కనపడాలి. కనపడకపోతే "ఇటు జరుగు" అనండి, మా నాయనమ్మలా. కుదిరిన చోట బొగ్గుతో గుర్తు పెట్టుకోండి. పావుగంట పని. ఈ పావుగంట పెట్టని షెడ్లలో నేను వెళ్లి పట్టీలు విప్పి మళ్లీ బిగించిన రోజులు లెక్కలేవు.

ఫ్యాన్లుంటే ఒక జాగ్రత్త. లైటు ఫ్యాను రెక్కలకి పైన ఉంటే షెడ్డంతా నీడలు గిరగిరా తిరుగుతాయి. మనిషికి కళ్లు తిరుగుతాయి, గొడ్డు బెదురుతుంది. లైటు ఎప్పుడూ రెక్కల మట్టానికి కిందే ఉండాలి. గొడ్లకి నీడల గీతలంటే అసలే భయం. గుమ్మం దగ్గర బయట చీకటి, లోపల భగ్గుమనే వెలుగు ఉంటే కొత్త గేదె గడప దాటదు. మీది ఫ్లడ్‌లైటు గుమ్మానికి ఎదురుగా ఉందని రాశారు. గేదెలు లోపలికి రావడానికి మొరాయిస్తున్నాయని కూడా వేరే వాక్యంలో రాశారు. రెండూ ఒకటే సంగతి అనుకుంటున్నాను.

ఇక తిరిగే మిషన్ల దగ్గర. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీల్లో డ్రైవరు, అంటే కరెంటుని దీపానికి తగ్గట్టు మార్చే లోపలి సర్క్యూటు, సరిగా లేకపోతే లైటు సెకనుకి వందసార్లు మినుకుతుంది. కంటికి తెలియదు. కానీ గ్రైండరు రాయి నిమిషానికి 2800, 2900 చుట్లు తిరుగుతుంది; ఒక మినుకుకీ ఇంకో మినుకుకీ మధ్య దాదాపు అరచుట్టు. అలాంటి వెలుగులో రాయి ఆగిపోతున్నట్టో, నిదానంగా వెనక్కి తిరుగుతున్నట్టో భ్రమ కలగొచ్చు. చాఫ్ కట్టరు చక్రానిదీ అంతే. గడ్డి ఇరుక్కుంటే చెయ్యి పెట్టబోయేది అక్కడే. పరీక్ష సులువు. ఫోను కెమెరా తెరిచి లైటుకి దగ్గరగా పెట్టి చూడండి. తెర మీద నల్లటి పట్టెలు పాకుతుంటే ఆ లైటు మిషన్ల దగ్గర వద్దు. దుకాణంలో కొనేముందే ఇది చేసి చూడొచ్చు, ఎవరూ కాదనరు. మీకు త్రీఫేజు ఉంటే రిపేరు షెడ్డు లైట్లని మూడు ఫేజులకీ పంచండి. మినుకులు ఒకదాన్నొకటి సర్దేస్తాయి, పైగా ఒక ఫేజు పోయినా పూర్తి చీకటి కాదు.

బల్బులు ఎందుకు పోతున్నాయన్న దానికి మీరు మూడు కారణాలు వెతకాలి.

మొదటిది వేడి. ఎల్ఈడీలో ముందు పోయేది దీపం కాదు, డ్రైవరు. అందులో ఉండే కెపాసిటరుకి పది డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మా పనిలో మోటు లెక్క. మే నెలలో జీఐ రేకు కింద చెయ్యి పెట్టి చూడండి, ఒక నిమిషం ఉంచలేరు. రేకుకి అంటించి పట్టీ బిగిస్తే అది ఎన్నాళ్లుంటుంది? రేకు నుంచి అడుగున్నర కిందికి గొలుసుతోనో పైపుతోనో వేలాడదియ్యండి.

రెండోది గొడ్ల మూత్రం ఆవిరి. షెడ్డులో కళ్లు మండే వాసనే అమ్మోనియా. అది ఇత్తడి టెర్మినళ్లని పచ్చగా తినేస్తుంది, పల్చటి రేకు పట్టీలని పొక్కుల్లేపుతుంది. గేదెల వైపు పాలీకార్బనేట్ ఒంటితో, రబ్బరు సీలుతో మూసి ఉన్న ఐపీ65 లైట్లు తీసుకోండి. ఆరు అంటే దుమ్ము దూరదని, అయిదు అంటే పైపుతో నీళ్లు కొట్టినా లోపలికి పోవని. మీరు షెడ్డు పైపుతోనే కడుగుతారు గదా. రిపేరు వైపు ఐపీ54 సరిపోతుంది. ఇంట్లో వాడే మామూలు పట్టీ ఐపీ20. బూజు, తవుడు దుమ్ము, పేడపురుగు అన్నీ దానిలో కాపురం పెడతాయి. ఐపీ65 కొని, వైరు దూర్చిన కన్నం తెరిచి వదిలేస్తే మాత్రం డబ్బులు దండగ, వైరు చుట్టూ కన్నాన్ని మూసే గ్లాండు బిగించండి.

మూడోది, అసలైనది, ఓల్టేజీ. మన పల్లెల్లో సాయంత్రం 170, అర్ధరాత్రి 260 మామూలే. అందుకని 100 నుంచి 300 ఓల్టుల దాకా తట్టుకునే డ్రైవరు, నాలుగు కిలోఓల్టుల సర్జి (ఒక్కసారిగా ఎగిసే ఓల్టేజీ) రక్షణ ఉన్న లైటు అడగండి. డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ల రిజిస్ట్రేషన్ గుర్తు, నంబరు చూసుకోండి. సంతలో సంచీలో పోసి అమ్మే బల్బులు ఇంటి వరండాకి కూడా వద్దు.

ఓల్టేజీ అన్నాను గనక ఒక రాత్రి సంగతి. నాలుగేళ్ల కింద ఒక ఊళ్లో ఒక్క దెబ్బకి ఒకే ఇంట్లో పదకొండు లైట్లు, ఒక టీవీ పోయాయి. లైట్లు సరుకు మంచిది కాదని ఆ రైతు దుకాణం మీదికి పోట్లాటకి బయల్దేరాడు. నేను వెళ్లి మెయిన్ విప్పి చూస్తే న్యూట్రల్ వైరు బోల్టు దగ్గర కాలి, తెల్లబొగ్గులా పొడిపొడి అయిపోయింది. త్రీఫేజు ఇంట్లో న్యూట్రల్ తెగితే లైట్లు రెండు ఫేజుల మధ్య వరసగా చిక్కుకుంటాయి. తక్కువ లోడున్న వైపుకి 230 బదులు 400 దాకా పోతుంది. మామూలు లైటేదీ అది తట్టుకోలేదు. మీ దగ్గరా కొన్ని లైట్లు మసకబారుతూ, అదే సమయంలో కొన్ని మరీ వెలిగిపోతుంటే లైట్లు మార్చడం ఆపి, మెయిన్ దించి, న్యూట్రల్ చూపించండి.

వెల్డింగు సెట్టుని లైట్ల లైనులోంచి విడదియ్యండి. ఇల్లు షెడ్డుకి అరవై మీటర్లు అన్నారు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి రానూ పోనూ 120 మీటర్లకి సుమారు 1.45 ఓమ్‌ల నిరోధం. లైట్లకి ఒక ఆంపియరు పోతే నష్టం ఓల్టున్నరే. అదే వైరులో వెల్డింగుకి ఇరవై ఆంపియర్లు లాగితే ఇరవై తొమ్మిది ఓల్టులు దారిలోనే పోతాయి, వైరు కాలుతుంది, రాడ్డు అంటుకున్నప్పుడల్లా లైట్లు కునుకుతాయి. వెల్డింగుకి నాలుగు చదరపు మిల్లీమీటర్లు, వీలైతే ఆరు, వేరే ఎంసీబీతో (లోడు మించితే దానంతటదే పడే స్విచ్చు) వేసుకోండి. లైట్లకి ఒకటిన్నర చాలు.

పంపుసెట్టు లైను నుంచి లాగుదామా అనుకునేవాళ్లు ఉంటారు. ఆ సర్వీసు మోటారుకి ఇచ్చింది, పాకకి కాదు. పైగా ఆంధ్రలో ఆ కరెంటు పగలు తొమ్మిది గంటలే. మీకు లైటు కావాల్సింది తెల్లారగట్ల నాలుగున్నరకి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నా, అక్కడా అది పంపుసెట్టుకే.

ఇప్పుడు అందరూ విసుక్కునే భాగం, ఎర్తింగు. ఒక రైతు గేదె పదిరోజులుగా తొట్టి దగ్గర నీళ్లు తాగడం లేదు. మూతి పెడుతుంది, ఉలిక్కిపడి తీసేస్తుంది. వైద్యుడొచ్చాడు, మందులు పోశారు, దిష్టి తీశారు. ఆయన నన్ను పిలిచింది మోటారు చూడమని. చెప్పులు విప్పి తడినేల మీద నిలబడి తొట్టి పైపు ముట్టుకుంటే నాకేమీ తెలియలేదు. మీటరు పెడితే పైపుకీ నేలకీ మధ్య ఏడు ఓల్టులు. ఎలుక కొరికిన లైటు వైరు రేకుకి ఆనుకుని, రేకు ఇనప రాటకి, రాట పైపుకి. మనకి చీమ కుట్టినట్టయినా ఉండని ఆ ఏడు ఓల్టులు తడి మూతికీ నాలుగు తడి కాళ్లకీ మధ్య గొడ్డుకి చెంపదెబ్బ. ఇంకొంచెం పెరిగితే కొయ్యకి కట్టిన గొడ్డు తప్పించుకోలేదు.

అందుకని షెడ్డు మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్చు, ఒకటి. నెలకోసారి దాని టెస్టు బటను నొక్కి పడుతుందో లేదో చూడండి. షెడ్డుకి సొంత ఎర్తు గొయ్యి, రాటలూ ట్రస్సులూ తొట్టి పైపూ అన్నీ దానికి కలిపి. ఎర్తునే న్యూట్రల్‌గా వాడుకునే చిట్కా ఎవరైనా చెబితే వాళ్లని పనికి పిలవకండి. వైరు అంతా పైపులో, రాటల వెంట, గొడ్డు నాలుక అందని ఎత్తున. గేదె నాకని వస్తువు లేదు. గడ్డివామి వైపు గోడకి స్విచ్చుబోర్డు, జాయింటు, ప్లగ్గు ఏదీ వద్దు. హాలోజెన్ దీపం అసలే వద్దు, దాని గాజు వేడికి ఎండుగడ్డి అంటుకుంటుంది. షెడ్డుకి లాగిన సర్వీసు తీగ పక్కన బట్టల దండెం కట్టే అలవాటు ఉంటే దాన్ని ఈ రోజే విప్పెయ్యండి.

రంగు సంగతి. దానికి కొలత కెల్విన్. తెల్లగా, నీలిగా ఉండే 6500 కెల్విన్ లైటు మన వాళ్లకి ఇష్టం, పురుగులకీ అంతే ఇష్టం. మీది డెల్టా. వరి పొట్ట మీద ఉన్నప్పటి నుంచి కోత దాకా పచ్చదోమ లైటు చుట్టూ పొగలా కమ్ముకుంటుంది. పాలల్లో పడతాయి, గొడ్ల కళ్లలో పడతాయి, మనిషి నోరు తెరవలేడు. వాన వెలిసిన రాత్రి ఉసిళ్లొస్తే మరునాడు గాడినిండా రెక్కలే. గేదెల వైపు 3000 కెల్విన్ పసుప్పచ్చ లైట్లు పెట్టండి. పురుగు పూర్తిగా రాదని కాదు, బాగా తగ్గుతుంది. పొలంలో దీపపు ఎర పెట్టే సూత్రాన్నే తిరగేసి వాడుకోవచ్చు: షెడ్డుకి ముప్పై, నలభై అడుగుల దూరంలో తెల్లలైటు ఒకటి వెలిగిస్తే పురుగు అటు పోతుంది. రిపేరు వైపు 4000 నుంచి 6500 దాకా మీ ఇష్టం. పొద్దుపోయాక పని చేసేవాళ్లకి 4000 కంటికి హాయి.

రాత్రంతా లైటు వేస్తే పాలు పెరుగుతాయా? ఆ మాటకి మూలం ఉంది గానీ మీ దాకా వచ్చేసరికి తిరగబడింది. చల్లటి దేశాల్లో, ముఖ్యంగా ఉత్తర అమెరికాలో, హోల్‌స్టీన్ ఆవుల మీద చేసిన పరిశోధనల్లో రోజుకి 16 గంటల వెలుగు, 8 గంటల చీకటి ఇస్తే పాలు రోజుకి రెండు కిలోల వరకూ పెరిగాయి. ఆ వెలుగు ఆవు కంటి దగ్గర 150 లక్స్ పైన ఉండాలి, మేతా పెరగాలి. ఇరవై నాలుగు గంటలూ వెలుగు ఇస్తే ఆ లాభం నిలవదు. చీకటి కూడా ఆ లెక్కలో భాగం. వట్టిపోయిన ఆవులకైతే తక్కువ వెలుగే మంచిదని తేలింది. అక్కడ చలికాలం పగలు ఎనిమిది, తొమ్మిది గంటలే. మనకి డిసెంబరులో కూడా పదకొండు గంటల పైన ఎండ ఉంటుంది. పైగా మీవి గేదెలు. గేదె పొద్దు తగ్గే రోజుల్లో ఎదకొచ్చే జంతువు. దానికి వేళాపాళా లేని వెలుగు పెట్టి ఎద తప్పిస్తే పోయేది పాలు కాదు, ఈత. రాత్రి తొమ్మిదికి లైట్లు ఆర్పెయ్యండి. ఈనడానికి దగ్గరపడ్డ గేదె ఉంటే చూసుకోవడానికి అయిదు వాట్ల పసుపు దీపమో ఎర్ర దీపమో గోడకి కిందుగా పెట్టుకోండి. ఎర్రవెలుగు గొడ్లకి పెద్దగా తెలియదు. పది గంటలు వెలిగినా ఇరవై రోజులకి ఒక యూనిట్టు.

పగటి వెలుగు సంగతి మీరు అడగలేదు, కానీ రేకులు మార్చే ఆలోచన ఉందన్నారు. ఉత్తరం వాలున నాలుగైదు రేకులు పారదర్శకమైనవి వెయ్యండి. దక్షిణం, పడమర వాలున వేస్తే ఎండ సూటిగా గేదె వీపు మీద పడుతుంది, చెమట పెద్దగా పట్టని నల్ల ఒళ్లు తట్టుకోలేదు. ఫైబరు రేకు మీద ఎవరినీ నడవనివ్వకండి, కొన్నేళ్లకి అది అప్పడంలా పెళుసెక్కుతుంది.

ఇంటి నుంచి షెడ్డుకి నడిచే అరవై మీటర్ల దారి మరిచిపోకండి. మనుషులకి జరిగే ప్రమాదాలు షెడ్డులో కన్నా ఆ దారిలోనే ఎక్కువ చూశాను. గడ్డివామి పక్కన కట్లపాము తిరిగేది రాత్రిపూటే. మోకాలెత్తు రాళ్లకి అయిదేసి వాట్ల దీపాలు మూడు, ఒక స్విచ్చు ఇంటి గుమ్మంలో, ఒకటి షెడ్డు గుమ్మంలో, మెట్ల దగ్గర పెట్టే టూవే పద్ధతిలో. చీకట్లో స్విచ్చు కోసం తడుముకునే పని ఉండకూడదు. కరెంటు పోయినప్పటికి నడవలో పన్నెండు ఓల్టుల పట్టీ ఒకటి సోలారు మీద పెట్టుకోవచ్చు: ఇరవై వాట్లు అయిదు గంటలు అంటే 100 వాట్-అవర్లు. ఇరవై ఆంపియర్-అవర్ల బ్యాటరీని సగం దాకా వాడినా సరిపోతుంది, యాభై వాట్ల పలక దాన్ని నింపుతుంది. ఇంటి ఇన్వర్టరు నుంచి షెడ్డుకి వైరు లాగే బాధ తప్పుతుంది.

ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి, మెయిన్ దించి తడిగుడ్డతో లైట్ల మీది దుమ్ము తుడవండి. చాఫ్ కట్టరు దగ్గరి పట్టీని అయితే నెలకోసారి. కొత్త లైటు కొనాలనుకునేవాళ్లు చాలామంది పాతదాన్ని తుడిస్తే సరిపోయేది.

కొన్న ఫ్లడ్‌లైటు పారెయ్యకండి. షెడ్డులోంచి విప్పి, బయట కళ్లం వైపు గోడకి పన్నెండు అడుగుల ఎత్తున బిగించండి, ముఖం ముందుకి కాకుండా నేలకి వంచి. ట్రక్కు నుంచి గడ్డి దించే రాత్రులకి, ధాన్యం బస్తాలు ఎత్తే రాత్రులకి అది బంగారం. దాని స్విచ్చు విడిగా ఉంచండి. పక్క చేలో వరి ఉంటే పచ్చదోమ రోజుల్లో దాన్ని వెయ్యకండి, ఆ చేనువాడు మీతో మాట్లాడటం మానేస్తాడు.